35వ ఏట తొడిగిన చొక్కా



ఈసారి మేము రాస్తున్నది ఆస్ట్రేలియా దేశంలో బంతి ఆట ఆడి బతికిన ఒక మనిషి సంగతి. ఆయన పేరు ఆర్థర్ బీట్సన్. అక్కడివారు ముద్దుగా ఆర్టీ అని పిలిచేవారు. ఆడిన ఆట పేరు రగ్బీ లీగ్. మన పల్లెల్లో ఈ ఆట తెలిసినవారు బహు తక్కువ. మరి ఎందుకు రాస్తున్నారు అని మీరు అడగవచ్చు. ఒక మనిషి ఏ ఊరివాడు, ఎవరి తరఫువాడు అనేది ఎవరు తేల్చాలి? పుట్టిన నేలా, కూలి ఇచ్చిన చెయ్యా? పిల్లలు హైదరాబాదులోనో గల్ఫులోనో ఉన్న ప్రతి ఇంట్లోనూ పండుగ పూట ఈ మాట లేస్తుంది. బీట్సన్ బతుకంతా ఈ ప్రశ్న చుట్టూ తిరిగింది. అందుకే ఆయనను ఎంచుకున్నాము.

ముందు ఆట ఏమిటో కాస్త చెప్పుకుందాం. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. జట్టుకు 13 మంది, ఆట 80 నిమిషాలు. బంతిని చంకలో పెట్టుకొని ఎదుటివారి గీత దాటించి నేలకు ఆనించాలి. దాన్ని ట్రై అంటారు. చేత్తో బంతిని ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో మాత్రమే అందించాలి. అంటే ముందుకు పోవాలంటే ఎవరో ఒకరు బంతి పట్టుకొని ఎదుటి మనుషుల మీదికి పరుగెత్తక తప్పదు. కబడ్డీలో కూతకు వెళ్లినవాణ్ని నలుగురు కలిసి పట్టేసినట్టు ఇక్కడ బంతి ఉన్నవాణ్ని పట్టి పడేస్తారు. వాడు లేస్తాడు, బంతిని కాలితో వెనక్కి నెడతాడు, మళ్లీ మొదలు. పాత రోజుల్లో ఎన్నిసార్లు పడినా బంతి ఆ జట్టుదే. 1967లో నాలుగుసార్లు పడేదాకానే అని నియమం పెట్టారు, 1970ల ఆరంభంలో దాన్ని ఆరు చేశారు.

ఈ 13 మందిలో ఆరుగురిని ఫార్వర్డ్‌లు అంటారు. బరువు మోసేది వాళ్లే. మధ్యలో, ఎదుటి జట్టు దట్టంగా నిలబడి ఉన్నచోట, బంతి పట్టుకొని ఢీకొట్టి నాలుగు గజాలు సంపాదించడం, తమ మీదికి వచ్చినవాణ్ని పడేయడం, లేచి మళ్లీ అదే పని చేయడం. చప్పట్లు మాత్రం చాలావరకు అంచున ఖాళీ చూసుకొని పరుగెత్తేవారికి దక్కుతాయి. దుక్కి ఎవరిదో, కుప్ప మీద కూర్చునేది ఎవరో మన రైతులకు మేము విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ ఆట పుట్టుకలోనే కూలి ఉంది. ఇంగ్లండు ఉత్తరాన బొగ్గు గనుల్లో, మిల్లుల్లో, రేవుల్లో పనిచేసేవారు రగ్బీ ఆడేవారు. శనివారం కూడా పనిదినమే. ఆటకు వెళితే ఆ పూట కూలి పోతుంది. పోయిన కూలికి రోజుకు ఆరు షిల్లింగులు ఇవ్వనివ్వండి అని ఉత్తరాది క్లబ్బులు అడిగాయి. డబ్బున్న దక్షిణాది పెద్దలు ఒప్పుకోలేదు. ఆట అంటే సరదాకు ఆడాలి, డబ్బు ముట్టకూడదు అన్నారు. ఇంట్లో గింజలున్నవాడికి ఆ నీతి సులువే. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్ పట్టణంలోని జార్జ్ హోటల్లో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై వేరుపడ్డాయి. అలా వేరుపడిన ఆటే క్రమంగా రగ్బీ లీగ్ అయింది.

ఆస్ట్రేలియాలోనూ కథ ఇలాగే నడిచింది. సిడ్నీలో అలెక్స్ బర్డన్ అనే ఆటగాడు మంగలి పని చేసుకొని బతికేవాడు. ఆటలో దెబ్బ తగిలి పనికి వెళ్లలేకపోయాడు. ఆట పెద్దలు పరిహారం ఇవ్వలేదు. ఆ కోపం చాలామందిలో ఉంది. 1907 ఆగస్టులో సిడ్నీలో కొత్త సంఘం పుట్టింది, 1908లో పోటీలు మొదలయ్యాయి. కూలివాడి నష్టాన్ని లెక్కలోకి తీసుకోవాలి అన్న పట్టుదల మీద లేచిన ఆట ఇది. ఈ సంగతి గుర్తుంచుకోండి, ఎందుకంటే ఇక మేము చెప్పబోయేది కూలి చేతికి రానివారి సంగతి.

క్వీన్స్‌ల్యాండ్ అనేది ఆస్ట్రేలియాకు ఈశాన్యాన ఉన్న పెద్ద రాష్ట్రం. అక్కడి ఆదివాసుల మీద 1897లో ఒక చట్టం చేశారు. పేరు రక్షణ చట్టమే. ఆ చట్టం కింద ఒక కుటుంబాన్ని ఉన్నచోటి నుంచి లేపి దూరంగా ప్రభుత్వ శిబిరంలో పెట్టవచ్చు. ఫలానావారిని పెళ్లి చేసుకోవాలంటే అధికారి అనుమతి కావాలి. పశువుల మందల దగ్గర పనిచేసినా, ఇళ్లల్లో పాచిపని చేసినా, వచ్చిన కూలి అధికారి చేతిలో ఉండేది. సొంత డబ్బులో కొంత కావాలంటే వెళ్లి అడుక్కోవాలి. చాలామందికి ఆ డబ్బు పూర్తిగా తిరిగి రానే లేదు. దానిని అక్కడివారు ఈనాటికీ దొంగిలించిన కూలి అనే పిలుస్తారు. కోర్టుల దాకా, ప్రభుత్వ చెల్లింపుల దాకా వెళ్లిన వ్యవహారం అది.

అటువంటి శిబిరాల్లో ఒకటి చెర్బర్గ్. 1930లలో అక్కడ ఫ్రాంక్ ఫిషర్ అనే గొప్ప ఆటగాడు ఉండేవాడు. ఇంగ్లండు నుంచి వచ్చిన జట్టు ఆయన ఆట చూసి ముచ్చటపడిందనీ, అక్కడి క్లబ్బు ఒకటి రమ్మన్నదనీ, అధికారులు వెళ్లనివ్వలేదనీ చెప్పుకుంటారు. ఆయన మనవరాలు కేథీ ఫ్రీమన్ 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో బంగారు పతకం గెలిచింది. తాత కాళ్లకు ఆ ఊరి పొలిమేర దాటడానికి కాగితం కావలసి వచ్చింది. ఆస్ట్రేలియా దేశపు జట్టులో రగ్బీ లీగ్ టెస్టు ఆడిన మొదటి ఆదివాసి లయనెల్ మోర్గన్. అది 1960లో. దేశంలో ఆట మొదలై అప్పటికి యాభై ఏళ్లు దాటింది.

మన బీట్సన్ 1945 జనవరి 22న క్వీన్స్‌ల్యాండ్‌లోని రోమా పట్టణంలో పుట్టాడు. బ్రిస్బేన్ నుంచి పడమటికి దాదాపు 480 కిలోమీటర్లు. పశువుల సంతకు పేరుపడ్డ ఊరు. ఆదివాసి వంశస్థుడు. పెద్ద ఒడ్డూ పొడుగూ ఉన్న కుర్రవాడు, కాని కాళ్లు చేతులు మాత్రం సన్నని ఆటగాడికి ఉన్నంత చురుకు. మొదట్లో వెనుక వరుసలో పరుగెత్తే స్థానంలోనే ఆడాడు. ఒళ్లు పెరిగి ఫార్వర్డ్ అయ్యాడు గాని చేతుల్లోని మెళకువ పోలేదు. తరువాత ఆయనకు పేరు తెచ్చింది అదే. ముగ్గురు మనుషులు మీద పడి లాగుతున్నా చెయ్యి ఒకటి బయటికి తీసి, వెనుక వస్తున్న తోటివాడికి బంతి అందించేవాడు. పట్టేశాము, ఇక అయిపోయింది అని ఎదుటివారు ఊపిరి వదిలే క్షణంలో బంతి వేరొకరి చేతిలో ఉండేది. పడిపోతూ కూడా పక్కవాడు ఎక్కడున్నాడో చూడగలగడం చిన్న విషయం కాదు. ఢీకొట్టే బలం చాలామంది ఫార్వర్డ్‌లకు ఉంటుంది. ఈ చూపు కొందరికే.

బ్రిస్బేన్ దగ్గర సముద్రతీరాన ఉన్న రెడ్‌క్లిఫ్ క్లబ్బులో చేరాడు. 1965లో ఆ క్లబ్బు తన చరిత్రలో మొదటిసారి బ్రిస్బేన్ పోటీలో విజేత అయింది. ఆ జట్టులో 20 ఏళ్ల బీట్సన్ ఉన్నాడు. మరుసటి సంవత్సరమే సిడ్నీ వెళ్లిపోయాడు.

ఎందుకు వెళ్లాడో చెప్పాలంటే కొంచెం డబ్బు సంగతి చెప్పాలి. సిడ్నీ ఉన్నది న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో. అక్కడి ప్రభుత్వం 1956లో క్లబ్బుల్లో జూదపు యంత్రాలకు అనుమతి ఇచ్చింది. నాణెం వేసి మీట లాగే యంత్రాలు. వాటి సొమ్ముతో సిడ్నీ క్లబ్బులు బలిశాయి. క్వీన్స్‌ల్యాండ్‌లో ఆ యంత్రాలకు 1990ల దాకా అనుమతి లేదు. జూదం సొమ్ముతో ఆట పెరిగింది అని రాయడానికి మా చెయ్యి సంతోషించదు, కాని జరిగింది అదే. ఆ డబ్బుతో క్వీన్స్‌ల్యాండ్ కుర్రవాళ్లను ఒక్కొక్కరిగా కొనుక్కున్నారు. బీట్సన్ ను బాల్‌మెయిన్ క్లబ్బు తీసుకుంది.

ఇక్కడే అసలు మెలిక ఉంది. రెండు రాష్ట్రాల మధ్య ప్రతి ఏడూ పోటీ జరిగేది. ఎవరు ఏ రాష్ట్రానికి ఆడాలి అంటే, ప్రస్తుతం ఏ రాష్ట్రంలోని క్లబ్బుకు ఆడుతున్నాడో ఆ రాష్ట్రానికి. పుట్టిన ఊరు, పెరిగిన వీధి, మొదట బంతి పట్టిన మైదానం, ఇవేవీ లెక్కలోకి రావు. గనుక బీట్సన్ న్యూ సౌత్ వేల్స్ నీలం చొక్కా వేసుకొని సొంత రాష్ట్రం మీదే ఆడాడు. ఒకసారి కాదు, 1966 నుంచి 1977 మధ్య అనేకసార్లు. ఆయనవంటివారు ఇంకా ఎందరో. క్వీన్స్‌ల్యాండ్ తన బిడ్డల చేతుల్లోనే ఓడిపోతూ వచ్చింది. 1959 తరువాత ఇరవై ఏళ్లు ఒక్క సిరీస్ కూడా గెలవలేకపోయింది.

1966లోనే ఆయన ఆస్ట్రేలియా జట్టుకు కూడా ఎంపికయ్యాడు. అతిథిగా వచ్చిన గ్రేట్ బ్రిటన్ జట్టు మీద టెస్టు ఆడాడు. ఆ సంవత్సరానికి ఆ దేశ రాజ్యాంగంలో 127వ అధికరణం ఇంకా ఉంది. దేశ జనాభాను లెక్కగట్టేటప్పుడు ఆదివాసులను కలపకూడదు అని అది చెప్పేది. మిశ్రమ సంతానాన్ని అధికారులు వేరుగా చూసేవారు గనుక బీట్సన్ పేరు ఏ పట్టికలో ఉండేది అన్నది మా వాదన కాదు. ఆయన వంశపువారిని మనుషుల లెక్కలో వదిలేసిన కాగితం చెల్లుబాటులో ఉన్న రోజుల్లోనే దేశం తన చొక్కా ఆయనకు తొడిగింది. ఇంతమటుకు చెబితే చాలు. 1967 మే 27న జనాభిప్రాయం అడిగారు. 90 శాతం పైగా జనం ఆ అధికరణం తీసేయమని ఓటు వేశారు. అంతమంది ఒక మాట మీద నిలబడటం ఆ దేశంలో అంతకు ముందు లేదు.

బాల్‌మెయిన్ లో ఉన్న ఐదేళ్లు బీట్సన్ కు మిశ్రమ కాలం. 1966లో ఆఖరి పోటీకి వెళ్లి సెయింట్ జార్జ్ చేతిలో 23-4 తేడాతో ఓడారు. సెయింట్ జార్జ్‌కు అది వరుసగా 11వ విజయం, అంతటి జట్టు అది. 1968లో కొద్దికాలం ఇంగ్లండు వెళ్లి హల్ కింగ్‌స్టన్ రోవర్స్ క్లబ్బుకు ఆడాడు, కాలు విరగ్గొట్టుకొని వచ్చాడు. 1969లో బాల్‌మెయిన్ మళ్లీ ఆఖరి పోటీకి చేరింది. అంతకు ముందు మ్యాచ్‌లో బీట్సన్ గొడవ పడి రెఫరీ చేత బయటికి పంపబడ్డాడు, సస్పెన్షన్ పడింది. ఆఖరి పోటీ రోజు తోటివారు ఆడుతుంటే ఆయన బయట ఉన్నాడు. అందరూ సౌత్ సిడ్నీ గెలుస్తుందనుకున్న ఆ మ్యాచ్‌ను బాల్‌మెయిన్ 11-2తో గెలిచింది. సంవత్సరమంతా మోసి, కోత రోజున గట్టు మీద నిలబడవలసి రావడం ఎటువంటిదో ఆలోచించండి.

ఆయన మీద ఇంకొక నింద ఉండేది. సోమరి అనేవారు. తిండిపోతు అనేవారు. మాంసం పఫ్ పేరు చేర్చి ఒక మారుపేరు కూడా పెట్టారు. ఎన్ని తిన్నాడో లెక్కలు కట్టి కథలు చెప్పుకునేవారు, ఆయన కూడా నవ్వుతూ ఆ కథల్లో పాలు పంచుకునేవాడు. తిండి మీద ప్రీతి నిజమే కావచ్చు, మ్యాచ్ చివర్లో ఆయాసపడేవాడన్నదీ నిజమే కావచ్చు. అయినా ఒక మాట అనాలి. మట్టి పని చేసే కులాలను మన దగ్గర సోమరులు అని ఎంత తేలికగా అంటారో మనకు తెలుసు. ఎండలో రోజంతా వంగి ఉన్నవాణ్ని చూసి నీడలో ఉన్నవాడు అనే మాట అది. ఆదివాసి ఆటగాడి మీద ఆ మాట అంత త్వరగా అంటుకుందంటే అందులో ఆట ఒక్కటే ఉందని మేము నమ్మలేము.

ఆ నింద పోగొట్టింది ఒక శిక్షకుడు, లెక్కల పుస్తకంతో. 1971లో బీట్సన్ ఈస్టర్న్ సబర్బ్స్ క్లబ్బుకు మారాడు. 1974లో జాక్ గిబ్సన్ అక్కడికి కోచ్‌గా వచ్చాడు. మాటలు తక్కువ మనిషి. అమెరికా ఫుట్‌బాల్ జట్లు ఎలా తయారవుతాయో చూసి వచ్చి, బరువులెత్తడం, ఒళ్లు గట్టిచేయడం, ప్రతి ఆటగాడు ఎంతమందిని పడేశాడో మ్యాచ్ మ్యాచ్‌కూ రాసిపెట్టడం వంటివి పట్టుదలగా చేయించాడు. ఎవరు పనిచేస్తున్నారో ఎవరు చేయడం లేదో ఊహల మీద గాక అంకెల మీద తేలేది. అటువంటి కోచ్ కింద బీట్సన్ కెప్టెన్. 1974లో ఆఖరి పోటీలో కాంటర్‌బరీ మీద 19-4 విజయం. 1975లో వరుసగా 19 మ్యాచ్‌లు గెలిచి, ఆఖరి పోటీలో సెయింట్ జార్జ్ ను 38-0తో చిత్తు చేశారు. తొమ్మిదేళ్ల కిందట ఆ జట్టు ముందు నాలుగు పాయింట్లతో సరిపెట్టుకున్న మనిషికి అది ఎలా ఉండి ఉంటుందో. అప్పటికి ఆయనకు 30 ఏళ్లు. ఫార్వర్డ్‌ల శరీరాలు చాలావరకు ఆ వయసుకు అరిగిపోతాయి, ఈయన ఆట ఆ వయసులో పండింది.

1973 చివర్లో ఫ్రాన్స్ మీద టెస్టులో ఆయన ఆస్ట్రేలియా జట్టుకు నాయకత్వం వహించాడు. ఏ ఆటలోనైనా ఆ దేశపు జట్టుకు కెప్టెన్ అయిన మొదటి ఆదివాసి ఆయనేనని అక్కడి చరిత్రకారులు రాస్తారు. 1977లో ప్రపంచ కప్ ఆఖరి పోటీ సిడ్నీలో జరిగింది. గ్రేట్ బ్రిటన్ మీద 13-12, ఒక్క పాయింటు తేడాతో గెలిచిన ఆస్ట్రేలియా జట్టుకు కెప్టెన్ బీట్సనే. దానితో దేశం కోసం ఆడటం ముగిసింది. ఆ తరువాత 1979లో పెర్రమట్టా క్లబ్బుకు వెళ్లాడు. ఇప్పుడు ఆ పెర్రమట్టా చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు చాలా ఉంటున్నాయి, మీలో కొందరి బిడ్డలు కూడా అక్కడ ఉండవచ్చు. ఆ క్లబ్బులో 1980 నాటికి ఆయన చాలావరకు రెండో జట్టులో ఆడుతున్నాడు. వయసు 35. గెలవవలసినవన్నీ గెలిచాడు. ఒక్కటి తప్ప. క్వీన్స్‌ల్యాండ్ ముదురు ఎరుపు చొక్కా ఒక్కసారి కూడా తొడగలేదు.

1980 నాటికి రాష్ట్రాల పోటీ చచ్చిపోయే స్థితికి వచ్చింది. ఆ ఏడు మొదటి మ్యాచ్ న్యూ సౌత్ వేల్స్ 35-3తో గెలిచింది. రెండోది 17-7. ఆ రెండో మ్యాచ్ సిడ్నీలో జరిగితే చూడటానికి వచ్చినవారు 1,638 మంది. మన దగ్గర ఓ మోస్తరు తిరునాళ్లకు ఇంతకన్నా ఎక్కువ మంది చేరతారు. ఫలితం ముందే తెలిసిన ఆటకు ఎవరు వస్తారు? క్వీన్స్‌ల్యాండ్ ఆట సంఘానికి అధ్యక్షుడు రాన్ మెకాలిఫ్, సెనేటర్ కూడా. మూడో మ్యాచ్‌ను వేరే పద్ధతిలో ఆడదామని ఆయన పట్టుబట్టాడు. ఇప్పుడు ఏ క్లబ్బు జీతమిస్తున్నా సరే, ప్రతివాడూ తాను మొదట ఆట మొదలుపెట్టిన రాష్ట్రానికే ఆడాలి. 1977లో పడమటి ఆస్ట్రేలియాలో వేరొక రకం ఫుట్‌బాల్‌లో ఇలా చేసి చూశారు, అక్కడ దూరాన ఉన్న బిడ్డలు తిరిగి వచ్చి సొంత రాష్ట్రాన్ని గెలిపించారు. సిడ్నీలో చాలామంది ఈ ఆలోచనను ఎగతాళి చేశారు. వారం వారం ఒకే జట్టులో ఒకరి చెమట ఒకరు తుడుచుకునే స్నేహితులు, ఒక్క రాత్రి కోసం ఒకరినొకరు గట్టిగా కొట్టుకుంటారా? నాటకంలా ఆడతారు, అంతే అన్నారు.

ఇది న్యాయమైన అనుమానమే. డబ్బు, స్నేహం, అలవాటు, మూడూ సిడ్నీలో ఉన్నాయి. పుట్టిన ఊరి పక్షాన ఉన్నది జ్ఞాపకం ఒక్కటే.

క్వీన్స్‌ల్యాండ్ కెప్టెన్‌గా బీట్సన్ ను ఎంచుకున్నారు. రెండో జట్టులో ఆడుతున్న 35 ఏళ్ల మనిషిని. అప్పటికి చురుగ్గా ఉన్న కుర్రవాళ్లు ఉన్నారు గదా అన్నవారు లేకపోలేదు. కాలేబు ముసలితనంలో కొండ సీమను అడిగిన సంగతి ఎరిగిన మా చదువరులకు ఇది వింతగా తోచదు.

1980 జూలై 8, మంగళవారం రాత్రి, బ్రిస్బేన్ లాంగ్ పార్క్. జనం 33,210. సిడ్నీలో వచ్చినవారికి ఇరవై రెట్లు. ఎవరూ ఏ పక్షానికీ మొగ్గకూడదని రెఫరీని ఇంగ్లండు నుంచి పిలిపించారు, బిల్లీ థామ్సన్ అనే ఆయనను. అందరికన్నా ముందు ముదురు ఎరుపు చొక్కాలో బీట్సన్ మైదానంలోకి పరుగెత్తాడు. ఆ క్షణాన లేచిన కేకను అక్కడ ఉన్నవారు ఎన్నో ఏళ్లు చెప్పుకున్నారు. ఏళ్ల తరబడి ఎదురు జట్టులో చూసిన సొంత బిడ్డ, నడుము లావెక్కి, జుట్టు పలచబడి, ఆఖరికి ఇటువైపు వచ్చాడు.

స్నేహితులు నాటకం ఆడతారు అన్న అనుమానం ఆ రాత్రే పోయింది. ఎదుటి జట్టులో మిక్ క్రోనిన్ ఉన్నాడు. పెర్రమట్టాలో బీట్సన్ కు క్లబ్బు సహచరుడు, మంచివాడని అందరూ ఒప్పుకునే మనిషి. అతని చేతిలో బంతి ఉన్నప్పుడు బీట్సన్ పట్టిన పట్టు మామూలు పట్టు కాదు. పిడిగుద్దే అని జనం అన్నారు. ఆ దెబ్బ ఎంత గట్టిదన్నదాని మీద అప్పటినుంచి ఇప్పటిదాకా వాదనలు ఉన్నాయి. చెప్పిన కొద్దీ పెరిగిన కథ అది. పిడిగుద్దును మేము మెచ్చుకోవడం లేదు. ఆటలో ఎక్కడైనా కొట్లాట కొట్లాటే. అయితే ఆ రాత్రి మైదానంలో మనుషుల గుంపు ఒకరి మీద ఒకరు పడ్డప్పుడు చూసినవారందరికీ ఒక సంగతి తేటపడింది. జీతం కోసం ఆడిన ఆట వేరు, ఇది వేరు.

క్వీన్స్‌ల్యాండ్ 20-10తో గెలిచింది. కెర్రీ బూస్టెడ్, క్రిస్ క్లోజ్ చెరొక ట్రై వేశారు. మల్ మెనింగా అనే కుర్రవాడికి ఆ రోజుతో సరిగ్గా 20 ఏళ్లు నిండాయి. కొట్టిన ఏడు గోల్‌లూ లోపలికే వెళ్లాయి. బీట్సన్ మొదటి టెస్టు ఆడేనాటికి ఆ పిల్లవాడికి ఆరేళ్లు. ముందు తరం, వెనుక తరం ఒకే మ్యాచ్‌లో కలిశాయి.

ఆ ఒక్క మ్యాచ్ ప్రయోగం అనుకున్నారు. 1981లో మళ్లీ ఒకటి ఆడారు, క్వీన్స్‌ల్యాండే గెలిచింది. 1982 నుంచి మూడు మ్యాచ్‌లూ ఆ పద్ధతే అయ్యాయి. స్టేట్ ఆఫ్ ఆరిజిన్ అంటారు, పుట్టిన రాష్ట్రపు పోటీ అని అర్థం. ఈనాడు ఆ దేశంలో ఎక్కువమంది చూసే పోటీల్లో అది ఒకటి. ఎవడు ఏ రాష్ట్రం వాడు అని తేల్చే నియమాలు మాత్రం ఇప్పటికీ తగాదాలే. పద్నాలుగేళ్ల వయసులో రాష్ట్రం మారినవాడి సంగతేమిటి, న్యూజిలాండులో పుట్టి సిడ్నీలో పెరిగినవాడి సంగతేమిటి అని. మనిషిని ఒక గళ్లలో కూర్చోబెట్టడం అంత సులువు కాదు.

మైదానంలో ఆ చొక్కాతో బీట్సన్ ఆడిన ఆరిజిన్ మ్యాచ్ అదొక్కటే. 1981 నుంచి 1984 దాకా ఆ జట్టుకు కోచ్‌గా ఉన్నాడు, మూడు మ్యాచ్‌ల సిరీస్ మొదలైన తరువాత 1982, 1983, 1984 మూడూ గెలిపించాడు. 1989లో తిరిగి వచ్చి మూడుకు మూడు మ్యాచ్‌లూ గెలిపించాడు. క్లబ్బులకూ కోచ్‌గా పనిచేశాడు, ఈస్టర్న్ సబర్బ్స్‌కు, ఆ తరువాత క్రొనల్లాకు. అక్కడ ఆయనకు జాతీయ పేరు తెచ్చినంత విజయం రాలేదు. చిన్న ఊళ్లు తిరిగి కుర్రవాళ్లను వెదికి పట్టే పనిలో ఆయనకు మంచి కన్ను ఉందని చెబుతారు.

2003లో ఆయనను రగ్బీ లీగ్ ఇమ్మోర్టల్స్ పట్టికలో ఏడోవాడిగా చేర్చారు. మరణం లేనివారు అని ఆ మాటకు అర్థం. ఆటవాళ్లు అంత పెద్ద మాట తేలికగా వాడుకోవడం మాకు కాస్త ఇబ్బందిగానే ఉంది. 2010లో గోల్డ్ కోస్ట్‌లో ఆదివాసి ఆటగాళ్లంతా ఒక జట్టుగా, మిగిలిన ప్రముఖులంతా మరొక జట్టుగా మ్యాచ్ పెట్టారు. ఒక జట్టు నిండా ఆదివాసులే, కూర్చోవడానికి చోటు చాలనంతమంది జనం. ఫ్రాంక్ ఫిషర్ కు ఊరు దాటడానికి అనుమతి చాలని రోజుల నుంచి అక్కడిదాకా. ఆ మ్యాచ్ నాటికి బీట్సన్ బతికే ఉన్నాడు.

2011 డిసెంబరు 1 ఉదయం గోల్డ్ కోస్ట్‌లో సైకిలు తొక్కుతుండగా గుండె ఆగి చనిపోయాడు. 66 ఏళ్లు. సోమరి అన్నారు ఆయనను, చివరి పూట కూడా సైకిలు మీదనే ఉన్నాడు. జనం ఆయనను జ్ఞాపకం చేసుకోవడానికి లాంగ్ పార్క్ లోనే చేరారు. ఇప్పుడు ఆ మైదానం బయట కంచు విగ్రహం ఉంది. సిడ్నీలో ఆడిన ఏళ్లు, రెడ్‌క్లిఫ్ లో రోమాలో కలిపి ఆడిన ఏళ్లకన్నా చాలా ఎక్కువ. విగ్రహం మాత్రం బ్రిస్బేన్ లో నిలబెట్టారు.